ఇంటిమాట

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయిపోయాక అల్ మవాలే వీధుల్లో పిల్లి కూడా కనపడదు. ఆ వేళప్పుడు నేను బస్సు దిగి, ఒక టైలరు షాపు వెనక గదికి నడిచి వెళ్లి, ఇళ్లల్లో పనిచేసే తెలుగు ఆడవాళ్లకి ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇప్పటికీ చెప్తున్నాను. వచ్చేవాళ్లు తగ్గారు. ఎందుకు తగ్గారో చెప్పాలంటే కడప అక్క సంగతి చెప్పాలి.

నేనీ పని పుణ్యం కోసం మొదలుపెట్టలేదు. ఊళ్లో ప్రైవేటు స్కూల్లో చాలాకాలం టీచరుగా చేసినదాన్ని. మావారికి ఈ అరబ్బు దేశంలో ఉద్యోగం వచ్చాక ఘుబ్రాలో ఒక ఫ్లాటులో కర్టెన్లు వేసుకుని, ఏసీ చప్పుడు వింటూ కూర్చోవాల్సి వచ్చింది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక టైలరుని మాట సాయం అడిగితే గదే ఇచ్చాడు. "గుడ్డ పీలికలుంటయమ్మా, జర ఊడ్సుకోండి. గంతే" అన్నాడు. ఊడ్చుకున్నాం. చాప పరిచాం. తెల్లబోర్డు ఒకటి గోడకి ఆనించాం.

వచ్చేవాళ్లకి శుక్రవారం రెండు మూడు గంటలు సెలవు దొరకడమే గొప్ప. వాళ్లలో ఒకామె క్లాసుకి నిద్రపోవడానికే వచ్చేది. గుమ్మం పక్కన గోడకి జేరబడి, నేను 'ఏ ఫర్' అనేలోగా గురక పెట్టేది. లేపొద్దని అందరికీ చెప్పాను. వారమంతా ఆమెకి దొరికే నిద్ర అదే.

కడప అక్కని నేను మొదటిసారి చూసింది బీచిలో, తెలుగు కుటుంబాల పిక్నిక్‌లో. ఐదేళ్ల పాప ఒకతె ఆమె చేతిమీద రెండుసార్లు తట్టి నీళ్లవైపు చూపించేది. ఆమె లేచి తీసుకెళ్లేది. మళ్లీ తట్టి డబ్బా చూపించేది. ఆమె మూత తీసి పెట్టేది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. పాప మిగతా పిల్లలతో ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతోంది. ఈమె మూగదేమో అనుకుని పాప తల్లిని అడిగాను. ఆవిడ మా ఫ్లాటు కన్నా నాలుగింతలుండే విల్లాలో ఉంటుంది. భర్త పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగి. పనిమనుషులందరూ ఆవిడని మేడం అంటారు కాబట్టి నేనూ ఇక్కడ అలాగే అంటాను.

మేడం నవ్వింది. "మూగదేం కాదండీ. పాప వినేట్టు తెలుగు మాట్లాడొద్దని చెప్పాం. ఆ యాస ఒకసారి అంటుకుందంటే మళ్లీ వదలదు. మేమే ఇంట్లో ఇంగ్లీష్ తప్ప మాట్లాడం."

"మరి ఆమెకి ఇంగ్లీషు రాదు కదా."

"అందుకే మాట్లాడదు" అంది మేడం.

పక్కన నలుగురున్నారు. నేను అందరికీ వినపడేట్టు, శుక్రవారం క్లాసుకి పంపించండి, నేర్పుతాను అన్నాను. నలుగురి ముందు కాదనలేక ఆవిడ, "పంపిద్దాం లెండి. కనీసం ఓవెన్ మీద రాసింది చదివితే నాకే మేలు" అంది.

క్లాసుకి వచ్చిన మొదటిరోజు కడప అక్క నన్ను పాఠం చెప్పనివ్వలేదు. చాప మీద కూర్చున్నది మొదలు మాట్లాడుతూనే ఉంది. గండి పడిన చెరువులా వచ్చాయి మాటలు. కమలాపురం దగ్గర ఊరు, మొగుడు చనిపోయాక వచ్చింది, పాపని నెలల బిడ్డగా చేతిలో పెట్టారు.

"జోలపాట పాడొద్దన్నారు టీచరమ్మా. మాటల్లేకుండా ఊ ఊ అని రాగం తీసేదాన్ని. దానికే పడుకునేది బిడ్డ. ఇప్పుడు పెద్దదయింది. ఏమేమో అడుగుతాది. నాకు తెలీదు. తల ఊపుతా. బిడ్డతో మాట్లాడల్ల నాకు. అదొక్కటి నేర్పించు సాలు."

నలభై దాటిన మనిషి. అక్షరాలు చేతికి లొంగేవి కావు గానీ చెవి గొప్పది. విన్న మాట విన్నట్టు పట్టుకొచ్చేది. ఆ చెవిని చూసే నేను అందరికీ ఒక హోంవర్కు పెట్టాను. వారంలో ఇంట్లో విన్న ఇంగ్లీషు మాట ఒకటి గుర్తుపెట్టుకుని తేవాలి. దాని అర్థం నేను చెప్తాను, దానితో అందరం వాక్యాలు కడతాం. దానికి 'ఇంటిమాట' అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు.

మొదట్లో బాగానే ఉండేది. డిటర్జెంట్, సింక్, హరీ అప్, డోంట్ టచ్. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకామె, కడప అక్క ఉండే విల్లా పక్క విల్లాలోనే పనిచేసేది, 'లెఫ్టోవర్' అన్న మాట తెచ్చింది. మిగిలిపోయిన అన్నం అని చెప్పాను. "అలాగాండీ" అంది. "రోజూ నాకు పెడతా అంటన్నారండి. ఏదో వంటకం పేరనుకున్నానండి." అందరూ పగలబడి నవ్వారు. ఆమే ముందు నవ్వింది.

పేదవాళ్లు ఒకరినొకరు కడుపులో పెట్టుకుంటారని పుస్తకాల్లో రాస్తారు. ఆ గదిలో నేను చూసింది అది కాదు. ఒకరి ఇంటిమాటలో దెబ్బ ఎంత పెద్దదైతే మిగతావాళ్లకి ఆ శుక్రవారం అంత కులాసాగా గడిచేది. 'సిల్లీ' తెచ్చినామెని నెలరోజులు సిల్లీ అనే పిలిచారు. మా ఇంట్లో ఇంత లేదమ్మా అని ప్రతి ఒక్కరికీ చెప్పుకోవాలని ఉండేది.

ఒక శుక్రవారం కడప అక్క తలంటుకుని, మంచి చీర కట్టుకుని, ముఖం వెలిగిపోతూ వచ్చింది. "ఈ వారం మంచి మాట తెచ్చినా టీచరమ్మా" అంది. "మేడం ఫోన్లో వాళ్లమ్మకు సెప్తాంది, నన్నే జూస్తా. షీ ఈజ్ గెటింగోల్డ్ అని. రెండుసార్లు అనె. గోల్డ్ అంటే బంగారమే గదా. పాప బర్త్‌డే వస్తాంది. నాకేమన్నా పెడతారేమో."

గదిలో కలకలం పుట్టింది. కమ్మలే పెడతారండి అంది గోదావరి ఆమె. కాదు, ఉంగరమే, కమ్మలకి ఎక్కువ పడుతుంది అంది ఇంకొకామె. ఎవరికో దుబాయిలో గొలుసే పెట్టారట. కడప అక్క సిగ్గుపడుతూ, "ఏదైనా గానీ, ఆ బిడ్డ సేత్తో ఇప్పిస్తే సాలు" అంది.

నేను మార్కరు పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. మాటకి అర్థం చెప్పడం నా పని. అర్థం చెప్పకపోతే ఆ మనిషి బర్త్‌డే దాకా బంగారం కోసం చూస్తూ ఉంటుంది.

"అక్కా, అది గోల్డ్ కాదు. ఓల్డ్. గెటింగ్ ఓల్డ్. ముసలిదైపోతోంది అని."

గదిలో నవ్వులు మొదలయ్యాయి. గోడవార పడుకున్నామె నిద్ర లేచి, ఏమైందని అడిగి, చెప్పించుకుని మరీ నవ్వింది. గోదావరి ఆమె కళ్లు తుడుచుకుంటూ, "గోల్డక్కా" అంది. కడప అక్క కూడా నవ్వింది. "అబద్దమేముండాది" అంది. పోయేముందు చీర కొంగు భుజం నిండా కప్పుకుంది.

తరవాతి వారం ఆమె తెచ్చిన మాట 'రిప్లేస్'.

"ఒకదాన్ని తీసేసి ఆ చోట్లో ఇంకోటి పెట్టడం" అని చెప్పాను.

"అట్లనా. వాషింగ్ మిషన్ సప్పుడు సేస్తాంది. దాన్నేమో."

"ఎవరన్నారక్కా? ఇంకా ఏమన్నారు?"

"సారు అన్న్యాడు. ఆఫ్టర్ బర్త్‌డే అన్న్యాడు. యంగ్, యంగ్ అని ఏందో అన్న్యాడు."

"మిషనుకి యంగ్ ఏంటండీ?" అంది గోదావరి ఆమె, నవ్వబోతూ.

ఆ నవ్వు ఆమె నోట్లోనే ఆగిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలిదని అనడం వేరు, తీసేయడం వేరు. తీసేస్తే ఏమవుతుందో ఆ గదిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. పనిమనుషుల్ని తెప్పించే ఏజెన్సీ ఆఫీసులో చాప మీద కూర్చోబెడతారు. ఇంకో ఇంటివాళ్లు వచ్చి నిలబెట్టి చూస్తారు. నచ్చకపోతే విమానం.

కడప అక్క చాలాసేపు చాప అంచు పోగులు లాగుతూ కూర్చుంది. "సారూ మేడమూ నా ఎదురుగానే అనుకున్న్యారు టీచరమ్మా" అంది. "నేను అన్నం వడ్డిస్తాండా. బిడ్డ కూడా అక్కడే ఉండె. బిడ్డకు ఇంగ్లీషు వచ్చు గదా. అర్థమయ్యే ఉంటాది."

నేను మేడంతో మాట్లాడనా అని అడిగాను. వద్దంది. తనకి తెలిసిపోయిందని తెలిస్తే బర్త్‌డే దాకా కూడా ఉంచరని ఆమె భయం. "ఓవెనూ వొద్దు, అక్షరాలూ వొద్దు. పోయేలోగా బిడ్డకు ఒక మాట సెప్పల్ల. నేను ఎత్తుకోని తిప్పినా నిన్ను, మర్సిపోను అని. అది ఇంగ్లీషులో ఎట్ల సెప్పల్లో సెప్పు."

రెండు చిన్న వాక్యాలు చేసి ఇచ్చాను. ఐ క్యారీడ్ యూ. ఐ కాంట్ ఫర్గెట్ యూ. మిగిలిన శుక్రవారాలు అవే. 'క్యారీడ్' ఆమె నోట్లో 'కేరీడు' అయ్యేది. కాంట్ అంటే చేయలేను, చేతకాదు అని విడమరిచి చెప్పాను. బాత్రూములో కుళాయి తిప్పుకుని, ఆ చప్పుడులో పైకి అనుకుంటున్నానని చెప్పింది. ఇస్త్రీ చేస్తూ పెదాలతో అనుకుంటోందట. మిగతా ఆడవాళ్లు కూడా ఆమె చేత చెప్పించేవాళ్లు. గోదావరి ఆమె పాపలా నటిస్తూ ఎదురుగా కూర్చుని, "థాంక్యూ అంటుందండి, ఇలా మెడ కావిలించుకుంటుందండి" అని చేసి చూపించేది.

బర్త్‌డేకి మమ్మల్నీ పిలిచారు. హాలంతా బెలూన్లు. నాకు తెలిసిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, పాప స్కూలు పిల్లలు కొంతమంది ఉన్నారు. కడప అక్క కొత్త యూనిఫారంలో ట్రే పట్టుకుని తిరుగుతోంది. నన్ను చూసి కళ్లతోనే పలకరించింది.

కేకు కోయడం అయ్యాక మేడం నా దగ్గరకొచ్చి, అందరివైపూ తిరిగి, "మా ఇంట్లో ఇంగ్లీష్ స్టూడెంట్ ఉంది తెలుసా. ఈవిడే టీచర్" అంది. ట్రే కింద పెట్టించి కడప అక్కని మధ్యలో నిలబెట్టింది. "అడగండి, అడగండి. చెప్తుంది."

ఎవరో వాట్ ఈజ్ యువర్ నేమ్ అని అడిగారు. చెప్పింది. వాట్ ఈజ్ దిస్ అని కేకు చూపించారు. "దిస్ ఈజే కేకు" అంది. నవ్వారు. మళ్లీ చెప్పించారు. ఒకాయన ఫోను ఎత్తి వీడియో తీస్తూ, పెద్దగా, పెద్దగా అన్నాడు. ఒకావిడ ఫ్రిజ్‌లో ఏమేమి ఉన్నాయో ఇంగ్లీషులో చెప్పమంది. నేను లేచి, "ఇక చాలండీ, పని ఉంటుంది ఆమెకి" అన్నాను. "సరదాకే కదండీ" అంది మేడం. మావారు నా కొంగు పట్టి లాగారు.

కడప అక్కకి ఆ నవ్వులు పట్టినట్టు లేదు. అందరూ వింటున్నారు, పాప ఎదురుగా ఉంది, మాట్లాడొద్దన్న మేడమే మాట్లాడమంటోంది. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకుందో ఏమో. పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఐ కేరీడు యూ" అంది. "ఐ కాంట్ ఫర్గెట్టు యూ."

పాప పక్కనున్న స్కూలు పిల్ల ఆశ్చర్యంగా పాపని అడిగింది. "యూ సెడ్ షీ కాంట్ టాక్." మీ పనామెకి మాటలు రావన్నావుగా అని.

పాప ముఖం ఎర్రబడింది. స్నేహితురాలి ముందు తను అబద్ధాలకోరు అయిపోయింది మరి. కడప అక్కని ఒకసారి చూసి, తిరిగి స్నేహితురాలివైపు చూసి చెప్పింది.

"షీ కాంట్. దట్స్ నాట్ టాకింగ్."

మాటలు రావు. ఇది మాట్లాడ్డం కాదు.

హాలు గొల్లుమంది. ఎంత షార్పండీ అన్నారు. దూరంగా ఉండి వినపడనివాళ్లకి మేడం పాప మాటని మళ్లీ చెప్పింది, వాళ్లూ నవ్వారు. వీడియో తీసినాయన ఇది భలే వచ్చిందని పక్కాయనకి చూపించాడు. పాపకి తన మాట అంతమందికి నచ్చిందని అర్థమైంది. ఇంకోసారి అంది. ఈసారి కడప అక్క గొంతుని అనుకరిస్తూ, "ఐ కేరీడు యూ" అని కూడా అంది.

కడప అక్క లేచి ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వెనకే వెళ్లాను. సింకు దగ్గర నిలబడి కేకు అంటిన ప్లేట్లు కడుగుతోంది. "చిన్నపిల్ల అక్కా. ఏదో అంది. నీకు సరిగ్గా వినపడి ఉండదు" అన్నాను.

"వినపడె టీచరమ్మా" అంది ఇటు తిరక్కుండా. "కాంటు మీరే గదా సెప్పినారు. సేతకాదు అని." ఒక ప్లేటు కడిగి పెట్టి ఇంకోటి తీసుకుంది. "ఈ బిడ్డ నన్ను మూగదనుకున్న్యాది ఇన్నేండ్లు. వాళ్లమ్మ మాట్లాడొద్దనింది, అందుకే నేను నోరు మూసుకోనుండా అని ఎవురూ సెప్పనే లేదు బిడ్డకు."

"ఇప్పుడైనా తల్లి చేత చెప్పిద్దాం."

"ఇప్పుడెందుకులే. పోండి, మేడం సూస్తే మిమ్మల్ని కూడా అంటాది."

ఆ వారంలోనే పంపించేశారు. పాప స్కూలుకి వెళ్లిన వేళ సారు కారులో ఏజెన్సీ ఆఫీసుకి తీసుకెళ్లి దింపేశాడు. బిడ్డ స్కూలు నుంచి వచ్చేదాకా ఉంచమని ఆమె అడిగిందట. అనవసరంగా ఏడుపులెందుకు అన్నారట. ఇవన్నీ నాకు గోదావరి ఆమె చెప్పింది. పక్క విల్లా కాబట్టి గోడ మీద నుంచి అన్నీ తెలుస్తాయి ఆమెకి.

"పాప ఏడ్చిందా?" అని అడిగాను.

"ఆ రోజు ఏం అడగలేదంటండి. మర్నాడు భోజనాల కాడ అడిగిందంటండి, చేపలో ముళ్లు ఎవరు తీస్తారు అని."

అది చెప్తున్నప్పుడు ఆమె ముఖంలో సరదా లేదు. విన్నవాళ్లు కూడా నవ్వలేదు.

మేడం నాకు ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు. చాలా మర్యాదగానే మాట్లాడింది. "మీరు మంచి ఉద్దేశంతోనే చేసుంటారండీ. కానీ మా ఇంట్లో మేం మాట్లాడుకునేవి మాటకి మాట పట్టుకెళ్లి మీ క్లాసులో అర్థాలు కట్టుకున్నారట. పక్కింటి పనిమనిషి వాళ్ల మేడంకి చెప్పింది. ఇలాగైతే ఎవరింట్లో ఎవరు నోరు విప్పుతారు చెప్పండి."

"ఆమె ఎదురుగా అన్నవే కదండీ" అన్నాను.

"ఎదురుగా అన్నా, ఆమెతో అనలేదు కదా" అంది. చాలా ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "ఆమెకి అర్థం కాదనే కదా ఎదురుగా అనుకున్నాం. అంత మర్యాద మాకు తెలుసండీ. అర్థమవుతుందని తెలిస్తే అనేవాళ్లమా?"

ఆవిడ నిజంగానే మర్యాద గురించి మాట్లాడుతోంది.

మేడములందరికీ ఈ సంగతి చేరిపోయింది. తరవాతి శుక్రవారాల్లో ఒకరి తరవాత ఒకరు మానేశారు. కొందరికి సెలవు ఆపేశారు. ఒకామెకి శుక్రవారం మధ్యాహ్నమే కార్పెట్లు ఉతికే పని పెట్టారు. నిద్రపోయే ఆమె మటుకు మానలేదు. ఆమె ఏమీ నేర్చుకోవట్లేదని వాళ్ల మేడంకి గట్టి నమ్మకం.

గోదావరి ఆమె మానలేదు గానీ, ఒక రోజు నేను ఇంటిమాట అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దండి. బస్సు మీద పేర్లూ, మందుల మీద పేర్లూ చెప్పండి చాలు. వాళ్లు అనుకునేవి నాకు తెలియకపోతేనే బాగుంటదండి. వంట చేసేటప్పుడు చెవిలో పాటలు పెట్టేసుకుంటన్నానండి."

కడప అక్కని ఏజెన్సీలో ఎవరూ తీసుకోలేదు. వయసు ఎక్కువన్నారు. ఊరికి పంపేశారు. కొన్నాళ్లకి కువైట్ నంబరు నుంచి ఫోనొచ్చింది. మళ్లీ వచ్చిందట, ఈసారి అక్కడికి. ఒక ముసలావిడని చూసుకునే పని. మంచం మీద నుంచి లేవలేని మనిషి.

"బాగా చూస్తారా అక్కా?"

"ఏమో టీచరమ్మా. అంతా అరబ్బీ. పొద్దస్తమానం ఏందో అరుస్తా ఉంటాది ఆ ముసలామె. ఇంట్లో వాళ్లు అరబ్బీ నేర్చుకోమంటాండారు, ఒక పిల్ల నేర్పిస్తాననింది కూడా."

"నేర్చుకో మరి. నీ చెవికి నెల పట్టదు."

"నేను నేర్సుకోను" అంది. "సేత్తో సూపిస్తే సేస్తా. ముసలామె తిడతాందో, నొప్పని ఏడుస్తాందో, నాకు తెలీనే వొద్దు."

వెనక నుంచి ఎవరో గట్టిగా పిలుస్తున్నారు. ఆ ముసలావిడే అయి ఉండాలి. అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది. కడప అక్క ఉంటానని చెప్పింది గానీ ఫోను పెట్టేయడం మర్చిపోయినట్టుంది. ఆ పిలుపు కొంతసేపు అలాగే వినపడింది. అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. నేనే ఫోను కట్ చేశాను.